ఒక్క ఫ్లాపీని పూర్తిగా కాపాడండి

‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ ఆటను జోర్డాన్ మెక్నర్ ఆపిల్ 2 కంప్యూటర్ కోసం రాశాడు. 1989లో అది విడుదలైంది. తర్వాత ఎన్నో రకాల యంత్రాలకు ఎక్కింది. మన దగ్గర కూడా డాస్ కంప్యూటర్ల మీద ఒక తరం పిల్లలు దాన్ని ఆడుతూ పెరిగారు. కానీ మెక్నర్ అసెంబ్లీ భాషలో రాసుకున్న అసలు కోడ్ ఎక్కడుందో కొన్నాళ్లకు ఆయనకే తెలియకుండా పోయింది. 2012లో ఆయన తండ్రి ఇంట్లో, అలమర వెనక ఒక అట్టపెట్టె బయటపడింది. అందులో మూడున్నర అంగుళాల డిస్కులున్నాయి. ఇరవై ఏళ్లు దాటినవి.

ఆ డిస్కులు చదవడానికి మెక్నర్ ఏ కంపెనీకీ ఫోన్ చేయలేదు. పాత ఆపిల్ యంత్రాలను ఏళ్ల తరబడి పోగుచేసి, బాగుచేసి నడిపించే టోనీ డియాజ్ వచ్చాడు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత సాఫ్ట్‌వేర్‌ను భద్రపరిచే జేసన్ స్కాట్ వచ్చాడు. యంత్రాలు, కేబుళ్లు వెంట తెచ్చుకుని లాస్ ఏంజెలెస్‌లో మెక్నర్ ఇంట్లోనే కూర్చున్నారు. డిస్కులు చదవగలిగారు. కోడ్ బయటికొచ్చింది, ఎవరైనా చూసుకునేలా మెక్నర్ దాన్ని ఇంటర్నెట్‌లో పెట్టేశాడు.

ఈ అధ్యాయం అలాంటి మనుషుల గురించి, అలాంటి మనిషిగా మీరు ఎలా మారవచ్చో చెప్పడం గురించి. పాత కంప్యూటర్ల సాఫ్ట్‌వేర్ ఇవాళ మన దాకా వచ్చిందంటే అందులో చాలా భాగం అభిరుచి కొద్దీ పనిచేసినవాళ్ల పుణ్యమే. అమ్మిన కంపెనీలు మూతపడ్డాయి, లేదా ఇంకో కంపెనీలో కలిసిపోయాయి, లేదా పాత సరుకును పట్టించుకోవడం మానేశాయి. గ్రంథాలయాలు పుస్తకాన్ని దాచినట్టు ఫ్లాపీని దాచే ఏర్పాటు చాలాకాలం చేసుకోలేదు. ఆ మధ్యలో మిగిలిన ఖాళీని ఉద్యోగం చేసుకుంటూ, పిల్లల్ని పెంచుకుంటూ, ఆదివారాలు ఈ పనికి కేటాయించిన మామూలు మనుషులు పూడ్చారు. వాళ్లకు ఎవరూ పదవి ఇవ్వలేదు. పని కనబడింది, చేశారు.

మీ ఇంటి అటక మీద, మీ ఆఫీసు బీరువాలో, మీ ఊరి డీటీపీ సెంటర్ మూల అట్టపెట్టెలో అలాంటి పని మీకోసం ఉండే అవకాశం ఎక్కువ.

పోగేయడం వేరు, కాపాడటం వేరు

ఈ అభిరుచిలోకి వచ్చే చాలామంది మొదట చేసేది కొనడం. పాత కీబోర్డు కనిపిస్తే కొంటారు, పాత మానిటర్ కనిపిస్తే ఆటోలో వేసుకొస్తారు. ఇంట్లో ఒక గది నిండుతుంది. ఫ్లాపీల డబ్బాలు మాత్రం తెరవకుండానే ఉంటాయి. ‘తీరిక దొరికినప్పుడు చూద్దాం’ అంటారు. ఆ తీరిక దొరకదు. ఈలోగా డిస్కు మీద బూజు పెరుగుతూనే ఉంటుంది. పోగేసిన మనిషి పోయాక ఇంట్లోవాళ్లు ఆ గదిని పాత సామాన్లవాడికి అప్పజెబుతారు. వాళ్లను తప్పుపట్టలేం. ఏది ముఖ్యమో, ఏది కాదో వాళ్లకు ఎవరూ రాసిపెట్టలేదు కదా.

అందుకే నేను గట్టిగా చెప్పే మాట ఒకటుంది. వంద ఫ్లాపీలు సేకరించే ముందు ఒక్క ఫ్లాపీని పూర్తిగా కాపాడండి. పూర్తిగా అంటే: అందులోని సమాచారం చెక్కుచెదరకుండా బయటికి రావాలి, అది ఏమిటో తెలియని మనిషి చదివినా అర్థమయ్యేలా రాసి ఉండాలి, ఇంకొకరి కంప్యూటర్‌లో నడవాలి. ఈ మూడూ అయితేనే ఆ పని మీ తర్వాత కూడా బతుకుతుంది. మూడింట్లో ఏది వదిలేసినా మీ సరదా తీరుతుంది, అంతకుమించి ఏమీ మిగలదు.

రెండో మాట: ఒక చిన్న మూల ఎంచుకోండి. ‘పాత సాఫ్ట్‌వేర్ అంతా కాపాడతాను’ అని బయల్దేరినవాళ్లు అలసిపోతారు. ఆపిల్ 2 ప్రపంచంలో ‘ఫోర్‌ఏఎమ్’ అనే మారుపేరుతో పనిచేసే వ్యక్తిని చూడండి. 1980లలో కాపీ కాకుండా కంపెనీలు వేసిన తాళం పగలగొట్టి కాపీలు పంచిన కుర్రాళ్లకు ఆటల మీదే మోజు. అందువల్ల, చట్టం మాట ఎలా ఉన్నా, పేరున్న ఆటలన్నీ ఏదో ఒక రూపంలో మిగిలాయి. బడి పిల్లలకు లెక్కలు, స్పెల్లింగులు, భూగోళం నేర్పిన ప్రోగ్రాములను దొంగిలించాలని కూడా ఎవరికీ అనిపించలేదు. వాటి డిస్కులు పాడైతే ఇక అంతే. ఫోర్‌ఏఎమ్ సరిగ్గా ఆ మూలను పట్టుకున్నాడు. చదువుకు సంబంధించిన డిస్కులను ఒక్కొక్కటీ తీసి, కాపీ కాకుండా కంపెనీ వేసిన తాళం ఏ రకమో కనిపెట్టి, దాన్ని ఎలా తీశాడో అంచెలంచెలుగా రాసి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టాడు. ఆ రాతలు చదివితే ఆపిల్ 2లోని 6502 ప్రాసెసర్ గురించి ఒక కోర్సు చదివినంత జ్ఞానం వస్తుంది. నాకు ఆయన కాపాడిన ప్రోగ్రాముల కన్నా ఆ రాతలే విలువైనవిగా అనిపిస్తాయి.

ఎవరూ తొంగిచూడని మూలలు మనకు ఎన్ని ఉన్నాయో ఆలోచించండి. 1984-85లో కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ అనే పథకం కింద బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చింది. వాటి మీద పాఠాలు చెప్పిన మాస్టార్లు ఇప్పుడు రిటైరై ఉన్నారు. హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ 1970లలోనే టీడీసీ-12, టీడీసీ-316 లాంటి కంప్యూటర్లు తయారుచేసింది. వాటితో పనిచేసిన ఇంజనీర్ల ఇళ్లలో మాన్యువళ్లు, ప్రోగ్రాముల ప్రింటవుట్లు ఉండి ఉండవచ్చు. కాగితమే కదా అని తీసిపారేయకండి. చంద్రుడి మీదికి వెళ్లిన అపోలో నౌకల కంప్యూటర్ ప్రోగ్రాములు ఇవాళ మన ల్యాప్‌టాప్‌లో నడుస్తున్నాయంటే కారణం కాగితపు ప్రింటవుట్లే. మిగిలిన లిస్టింగులను స్కాన్ చేసి, ఔత్సాహికులు పంక్తి పంక్తీ తిరిగి టైపు చేసి, అసలుతో సరిపోల్చి నిలబెట్టారు.

ఇక తెలుగు డీటీపీ. దాని గురించి కాసేపట్లో వివరంగా చెబుతాను.

ముందు చేయి ఆపుకోండి

పాత ఫ్లాపీ దొరికిందనుకోండి. ఎవరికైనా వెంటనే డ్రైవ్‌లో పెట్టి చూడాలనే అనిపిస్తుంది. ఆ ఆత్రుతను ఆపుకోవడమే ఈ పనిలో మొదటి సాధన.

మొదట ఫొటో తీయండి. లేబుల్, కవరు, వెనకవైపు, డబ్బా మీద రాత, అన్నీ. లేబుల్ మీద పెన్సిల్‌తో గీకిన ఫోన్ నంబరు కూడా ఒక ఆధారమే కావచ్చు. తర్వాత డిస్కు మీదికి కొత్తగా ఏదీ రాయబడకుండా అడ్డుకట్ట వేయండి. మూడున్నర అంగుళాల ఫ్లాపీకి మూలన చిన్న జారుడు ముక్క ఉంటుంది. దాన్ని జరిపి రంధ్రం తెరిస్తే రాయడం ఆగుతుంది. ఐదుంపావు అంగుళాల ఫ్లాపీకి దీనికి తలకిందులు. దాని పక్క అంచున ఉన్న గాటును స్టిక్కర్‌తో మూసేయాలి. ఇది మరీ చాదస్తం కాదు. విండోస్ 95, 98 ఉన్న యంత్రంలో అడ్డుకట్ట లేని ఫ్లాపీ పెడితే, మీరు ఏమీ చేయకపోయినా బూట్ సెక్టార్‌లో కొన్ని బైట్లను ఆ విండోసే మార్చేస్తుంది. కొత్త విండోస్‌కు అర్థంకాని డిస్కు పెడితే ‘ఫార్మాట్ చేయమంటారా?’ అని అడుగుతుంది. అలవాటు కొద్దీ ఎంటర్ నొక్కితే ఆ డిస్కు కథ ముగిసినట్టే.

ఇప్పుడు బూజు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, నెల్లూరు లాంటి చోట్ల ఉన్నవాళ్లు ఈ భాగం రెండుసార్లు చదవాలి. మూడున్నర అంగుళాల ఫ్లాపీ ఇనప రేకును పక్కకు జరిపి, వెనకనున్న గుండ్రటి బిళ్లను వేలితో మెల్లగా తిప్పుతూ వెలుతురులో చూడండి. ఆరోగ్యంగా ఉన్న డిస్కు నున్నగా, ఒకే రంగులో మెరుస్తుంది. బూజు పడితే తెల్లటి లేదా బూడిదరంగు చుక్కలు, మసక వలయాలు కనిపిస్తాయి. అలాంటిదాన్ని అలాగే డ్రైవ్‌లో పెడితే బూజు డిస్కును చదివే డ్రైవ్ తలకు అంటుకుంటుంది. తర్వాత పెట్టిన మంచి డిస్కును కూడా ఆ తలే గీరేస్తుంది. ఒక జబ్బు డిస్కు పది మంచి డిస్కులను తినేస్తుందని గుర్తుపెట్టుకోండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, 99 శాతం స్వచ్ఛమైనది, నూలుపోగులు రాలని గుడ్డ లేదా ఇయర్ బడ్ తీసుకుని, నొక్కకుండా తుడవాలి. తుడిచిన దూది మీద గోధుమరంగు దిగుతుంటే ఆపేయండి. ఆ గోధుమరంగే సమాచారం. డిస్కు మీద పూసిన అయస్కాంతపు పూత ఊడిపోతోందన్నమాట. డ్రైవ్‌లో తిరుగుతున్నప్పుడు కీచుమని గీకిన చప్పుడు వినిపిస్తే ఆ క్షణంలోనే బయటికి తీయండి. ప్రతి అనుమానాస్పద డిస్కు తర్వాత డ్రైవ్ తలను కూడా అదే ఆల్కహాల్‌తో తుడవండి.

యంత్రాల విషయంలోనూ ఇదే నిగ్రహం కావాలి. 286, 386 కాలం నాటి మదర్‌బోర్డుల మీద పీపా ఆకారంలో చిన్న బ్యాటరీ ఉంటుంది. అది కారి చుట్టుపక్కల రాగి దారులను తినేస్తుంది. మిషను నడపాలన్న కోరిక కన్నా ముందు ఆ బ్యాటరీ తీసే పని చూడండి. బీబీసీ మైక్రో పవర్ సప్లయ్‌లో పాత కెపాసిటర్లు పొగలు కక్కుతూ పేలడం ఈ రంగంలో అందరికీ తెలిసిన సంగతే. పిక్చర్ ట్యూబ్ ఉన్న మానిటర్ మూత విప్పే పని మాత్రం, ఆ విద్య నేర్చుకోకుండా, ఎంత ధైర్యవంతులైనా చేయవద్దు. స్విచ్ ఆపిన తర్వాత కూడా అందులో వేల వోల్టులు నిలిచి ఉండవచ్చు.

డిస్కు మొత్తాన్ని తీయండి

‘ఫైళ్లు కాపీ చేసుకున్నాను, చాలదా?’ అని చాలామంది అడుగుతారు. చాలదు. ఫైళ్లు లాగి పడేస్తే కనబడినవే వస్తాయి. బూట్ సెక్టార్ రాదు, చెరిపేసిన ఫైళ్ల జాడ రాదు, ఏ ఫైలు డిస్కులో ఎక్కడ కూర్చుందో ఆ అమరిక రాదు. కావాల్సింది డిస్కు ఇమేజ్, అంటే మొదటి సెక్టార్ నుంచి చివరి సెక్టార్ దాకా ఉన్నదున్నట్టు తీసిన ప్రతి.

మామూలు పీసీ ఫ్లాపీ అయితే బజారులో దొరికే యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్‌తో మొదలుపెట్టవచ్చు. కానీ దానికి పీసీ పద్ధతిలో రాసిన డిస్కులే తెలుసు. అమిగా డిస్కు, పాత మ్యాక్ డిస్కు పెడితే ఏమీ అర్థం కాదు. కొంచెం మొరాయించే డిస్కు ఎదురైనా త్వరగా చేతులెత్తేస్తుంది. ఈ పని గట్టిగా చేయాలనుకుంటే గ్రీజ్‌వీజిల్ అనే చిన్న బోర్డు తీసుకోండి. కీర్ ఫ్రేజర్ అనే ఆయన దాన్ని తయారుచేసి, నమూనా కూడా అందరికీ విడుదల చేశాడు. ఖరీదు పెద్దదేం కాదు. ఒకవైపు యూఎస్‌బీ, ఇంకోవైపు పాత ఫ్లాపీ డ్రైవ్‌కు వెళ్లే 34 పిన్నుల రిబ్బన్ కేబుల్. డ్రైవ్ కోసం సికింద్రాబాద్ సీటీసీ లాంటి చోట్ల పాత సామాన్లు అమ్మేవాళ్లను అడిగి చూడండి. మూడున్నర అంగుళాల డ్రైవ్‌కు 5 వోల్టులు చాలు. ఐదుంపావు అంగుళాల డ్రైవ్‌కు 12 వోల్టులు కూడా కావాలి, అంటే పాత కంప్యూటర్ పవర్ సప్లయ్ ఒకటి పక్కన పెట్టుకోవాలి.

ఈ బోర్డు గొప్పతనం ఏమిటంటే, డిస్కు మీద ఏ ఫైలుందో, ఏ సెక్టార్ ఉందో మొదట పట్టించుకోదు. అయస్కాంతపు దిశ ఎక్కడెక్కడ మారిందో, ఒక మార్పుకూ ఇంకో మార్పుకూ మధ్య ఎంత సమయం గడిచిందో, అది మాత్రమే నమోదు చేస్తుంది. ఈ రంగంలోవాళ్లు దీన్ని ఫ్లక్స్ అంటారు. అర్థం చెప్పుకోవడం తర్వాతి పని. అందుకే ఏ కంపెనీ డిస్కు అయినా, ఎంత విచిత్రమైన తాళం వేసినా ముందు పట్టుకోగలుగుతుంది. ఆపిల్ 2 కోసం స్టీవ్ వోజ్నియాక్ 1978లో రూపొందించిన డిస్కు డ్రైవ్‌లో పని చాలావరకు సాఫ్ట్‌వేరే చేసేది. తలను ఎటు జరపాలో, బిట్లను ఎలా పేర్చాలో ప్రోగ్రామే నిర్ణయించేది. ఆ స్వేచ్ఛను వాడుకునే కంపెనీలు ట్రాకుకూ ట్రాకుకూ మధ్యలో రాయడం లాంటి ఎత్తులు వేసి కాపీలను అడ్డుకున్నాయి. అలాంటి డిస్కులు మామూలు కాపీకి లొంగవు. వాటికోసమే ఆపిల్‌సాస్ అనే పరికరం, దానితోపాటు ‘వోజ్’ అనే ఫైలు పద్ధతి వచ్చాయి.

ఒక ఫ్లాపీని చదివేటప్పుడు ఏం జరుగుతుందో దగ్గర్నుంచి చెబుతాను. 1.44 మెగాబైట్ల మామూలు ఫ్లాపీ అనుకోండి. దానికి 80 ట్రాకులు, రెండు ముఖాలు, ఒక్కో ట్రాకులో 18 సెక్టార్లు, వెరసి 2,880. డిస్కు నిమిషానికి 300 చుట్లు తిరుగుతుంది, అంటే ఒక చుట్టుకు సెకనులో అయిదో వంతు. తల ట్రాకు నుంచి ట్రాకుకు జరిగినప్పుడల్లా ‘టక్’ మని చిన్న చప్పుడు. తెర మీద ట్రాకుకొక వరుస వస్తుంటుంది: 18కి 18, 18కి 18, 18కి 18. ఎక్కడో 18కి 16 అని వస్తుంది. డ్రైవ్ మళ్లీ అదే చోట ప్రయత్నిస్తుంది. 18కి 17. మళ్లీ. చివరికి వస్తే వస్తుంది, లేకపోతే ముందుకు వెళ్లిపోతుంది. అంతా అయ్యాక తెర మీద ఒక పటం వేస్తుంది. దొరికిన సెక్టార్‌కు చుక్క, దొరకనిదానికి ఇంటూ గుర్తు. చుక్కల మధ్య మూడు ఇంటూలు కనబడితే నిరాశపడకండి. తల తుడిచి మళ్లీ చదవండి. ఇంకో డ్రైవ్‌లో పెట్టి చదవండి. రెండు డ్రైవ్‌ల తలలు అణుమాత్రం తేడాగా కూర్చుంటాయి, ఒకదానికి రానిది ఇంకోదానికి రావచ్చు. అప్పటికీ రాకపోతే ఏ సెక్టార్లు రాలేదో రాసిపెట్టండి. అదే ప్రోగ్రాము ఇంకో ఊళ్లో ఇంకొకరి దగ్గర దొరికితే, రెండు అసంపూర్ణ ప్రతులు కలిపి ఒక పూర్తి ప్రతి తయారుచేయవచ్చు. మీరు దాచకుండా చెప్పిన ఆ మూడు ఇంటూలే ఆ రోజు దారి చూపుతాయి.

ఫ్లక్స్ ఫైలు సెక్టార్ ఇమేజ్ కన్నా పదింతలకు మించి పెద్దదిగా ఉంటుంది. అయినా రెండూ ఉంచుకోండి. హార్డ్ డిస్కు ఇవాళ చవక, పాడైపోయిన ఫ్లాపీని మాత్రం ఏ ధరకూ తిరిగి తేలేం. ఇమేజ్ తీసిన వెంటనే దానికి ఎస్‌హెచ్‌ఏ-256 లెక్క కట్టి రాసుకోండి. విండోస్‌లో, లినక్స్‌లో ఒక్క కమాండ్‌తో వస్తుంది. 64 అక్షరాల ఆ వరుస ఫైలుకు వేలిముద్ర లాంటిది. పదేళ్ల తర్వాత ఒక్క బిట్ మారినా ఆ వరుస మారిపోతుంది. మీ కాపీ నిఖార్సైనదని ఎవరైనా తేల్చుకోవడానికి అదే ఆధారం.

క్యాసెట్లు ఉంటే పని ఇంకా తేలిక. జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ కంప్యూటర్ కాలపు ప్రోగ్రాములు మామూలు పాటల క్యాసెట్ల మీదే వచ్చేవి. మంచి టేప్ డెక్ తల తుడిచి, కంప్యూటర్‌లోకి వేవ్ ఫైలుగా రికార్డు చేయండి. ఎంపీ3గా మాత్రం కుదించవద్దు, అది చెవికి వినబడని భాగాలను కోసేస్తుంది. ప్రోగ్రాముకు ఆ భాగాలే ప్రాణం కావచ్చు.

పేజ్‌మేకర్ డబ్బా

ఇప్పుడు మన సంగతి. 1990ల నుంచి తెలుగులో అచ్చయిన పుస్తకాలు, శుభలేఖలు, సంఘాల సావనీర్లు, చిన్న పత్రికలు ఎన్నో పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాములో తయారయ్యాయి. యూనికోడ్‌లో తెలుగుకు చోటు మొదటి నుంచీ ఉంది, కానీ మన డీటీపీ సెంటర్లలో నడిచింది అను, శ్రీలిపి లాంటి సొంత ఏర్పాట్ల ఫాంట్లే. ఇంగ్లిష్ అక్షరాలు ఉండాల్సిన గళ్లలో తలకట్లు, గుడులు, ఒత్తులు పెట్టి అవి తెలుగు చూపించేవి. ఏ గడిలో ఏ ముక్క ఉండాలన్నది ఒక్కో కంపెనీ ఇష్టం.

దీని ఫలితం ఏమిటో ఆ పాత ఫైలు తెరిస్తే తెలుస్తుంది. మీకు ఒక కవి అభిమాన సంఘం సావనీర్ ఫైలు దొరికిందనుకోండి. తెరిస్తే పద్యం ఉండాల్సిన చోట డాలరు గుర్తులు, ఆశ్చర్యార్థకాలు, తలకిందులైన ప్రశ్నార్థకాలు వరుసకట్టి ఉంటాయి. ఫైలు పాడవలేదు. అది నిక్షేపంగా ఉంది. దానికి అర్థమిచ్చే ఫాంట్ మీ కంప్యూటర్‌లో లేదు, అంతే. పేజ్‌మేకర్ ఫైలు తనలో ఫాంట్‌ను మోసుకురాదు. బొమ్మలు కూడా చాలాసార్లు బయటి ఫైళ్లుగానే ఉంటాయి. కాబట్టి ఒక తెలుగు పేజీని కాపాడాలంటే ఆ ఫైలుతోపాటు ఆ ఫాంట్, సరిగ్గా ఆ వెర్షన్, దాని కీబోర్డు ప్రోగ్రాము, బొమ్మల ఫోల్డరు, పేజ్‌మేకర్ ఏ వెర్షనో ఆ వివరం, అన్నీ కలిపి ఒకేచోట ఉంచాలి. కొన్ని భారతీయ భాషల సాఫ్ట్‌వేర్లు అప్పట్లో ప్రింటర్ పోర్టుకు తగిలించే హార్డ్‌వేర్ లాక్‌తో వచ్చేవి. ఆ లాక్ కనబడితే పారేయకండి. అది లేకపోతే లోపలి ప్రోగ్రాము తెరుచుకోదు.

పేజ్‌మేకర్ ప్రధాన వెర్షన్లలో చివరిది అడోబీ 2001లో తెచ్చిన 7.0. అదే కంపెనీ ఇన్‌డిజైన్ ప్రోగ్రాములో సీఎస్6 దాకా వచ్చిన వెర్షన్లు పేజ్‌మేకర్ 6, 7 ఫైళ్లు తెరవగలిగేవి, ఆ తర్వాతివి తెరవలేవు. అందువల్ల పాత విండోస్‌ను వర్చువల్ మెషీన్‌లో గానీ, 86బాక్స్ లాంటి ఎమ్యులేటర్‌లో గానీ నిలబెట్టుకుని, అందులో పేజ్‌మేకర్, ఫాంట్లు ఎక్కించి, ఒక్కో ఫైలునూ తెరిచి పీడీఎఫ్‌గా తీయండి. అసలు ఫైలును కూడా ఉంచండి. తర్వాత యూనికోడ్‌లోకి మార్చడం ఇంకో అంచె. ఇందులోనూ ఔత్సాహికులే ముందు నడిచారు. ఒక్కో పత్రిక ఒక్కో ఫాంట్ వాడే రోజుల్లో ఆ పేజీలను యూనికోడ్‌లోకి మార్చి చూపే ‘పద్మ’ అనే ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్ వచ్చింది. అలాంటి మార్పిడికి కావాల్సిన పట్టిక, అంటే ఏ గడిలో ఏ తెలుగు ముక్క ఉందో చెప్పే జాబితా, ఒక్క ఫాంట్‌కు మీరు తయారుచేసినా ఆ ఫాంట్‌లో అచ్చయిన పుస్తకాలన్నింటికీ తలుపు తెరిచినట్టే.

డిస్కు చదివినంత మాత్రాన పని అయిపోదనడానికి అమెరికాలో ఒక ఉదాహరణ ఉంది. చిత్రకారుడు ఆండీ వార్హోల్ 1985లో అమిగా కంప్యూటర్ మీద బొమ్మలు వేశాడు. ఆ ఫ్లాపీలు పిట్స్‌బర్గ్‌లో ఆయన పేరిట ఉన్న మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి, వాటిలో ఏముందో మాత్రం ఎవరూ చూడలేదు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలోని కంప్యూటర్ క్లబ్ సభ్యులు డిస్కులను చదివాక కూడా బొమ్మలు తెరుచుకోలేదు. వార్హోల్ వాడినది ఇంకా బజారులోకి రాని ప్రోగ్రాము, దాని ఫైళ్ల పద్ధతి వేరు. ఆ పద్ధతిని విప్పుకున్న తర్వాతే బొమ్మలు కనబడ్డాయి. 2014లో ఆ సంగతి లోకానికి తెలిసింది. మన డీటీపీ ఫైళ్లకూ ఇదే వర్తిస్తుంది, కాకపోతే మన ఫాంట్లు చేసినవాళ్లు, వాటితో రోజుకు పది గంటలు టైపు చేసినవాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు. ఇప్పుడే వెళ్లి అడగండి.

అడగడంలో ఒక మర్యాద ఉంది. ‘మీ దగ్గరున్న పాత ఫ్లాపీలు ఇవ్వండి’ అంటే ఎవరికైనా అనుమానం వస్తుంది. ‘మాస్టారూ, మీ డిస్కులు నాకొద్దు. కాపీ తీసుకుని వారంలో మీవి మీకే తెచ్చిస్తాను, అందులో ఉన్నవి పెన్‌డ్రైవ్‌లో వేసి మీకూ ఇస్తాను’ అనండి. అన్న రోజుకు తెచ్చివ్వండి. ఒక డీటీపీ ఆపరేటర్ నమ్మితే ఆయన ఇంకో అయిదుగురి పేర్లు చెబుతాడు. ఫ్లాపీతోపాటు ఆ మనిషి మాటలు కూడా ఫోన్‌లో రికార్డు చేసుకోండి, అనుమతి అడిగి. ఏ కీ కొడితే ఏ ఒత్తు వచ్చేదో, క్ష ఎలా కొట్టేవారో, ఏ అక్షరం దగ్గర ఫాంట్ మొరాయించేదో ఏ మాన్యువల్‌లోనూ ఉండదు.

ఏది పంచాలి, ఏది దాచాలి

చట్టం గురించి సూటిగా చెప్పుకోవాలి. మన కాపీరైట్ చట్టం, 1957, సెక్షన్ 52 ప్రకారం, సక్రమంగా సంపాదించిన కంప్యూటర్ ప్రోగ్రాము పాడైపోకుండా, పోకుండా జాగ్రత్త కోసం దాని సొంతదారు బ్యాకప్ కాపీ తీసుకోవచ్చు. దాన్ని ఇంటర్నెట్‌లో అందరికీ పెట్టే హక్కు మాత్రం దాంతో రాదు. ప్రోగ్రాము పాతదైనంత మాత్రాన, కంపెనీ మూతపడినంత మాత్రాన కాపీరైట్ పోదు. కాబట్టి కాపీ తీయడం ఇవాళే చేయండి, పంచడం అనుమతి వచ్చాక చేయండి. అనుమతి అడిగితే రాదని ముందే అనుకోకండి. 1999లో ఆమ్‌స్ట్రాడ్ కంపెనీ స్పెక్ట్రమ్ రోమ్‌ల కాపీలను ఎమ్యులేటర్లతోపాటు పంచుకోవడానికి ఒప్పుకుంది. 2014లో మైక్రోసాఫ్ట్ తన తొలినాటి ఎంఎస్-డాస్ మూల కోడ్‌ను కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం ద్వారా చూడనిచ్చింది. మన ఊళ్లో చిన్న సాఫ్ట్‌వేర్ రాసి అమ్మిన మనిషి దగ్గరికి వెళ్లి రెండు వాక్యాల ఉత్తరం మీద సంతకం అడిగితే, తన పని ఇంకా ఎవరికో గుర్తుందని సంతోషించే అవకాశమే ఎక్కువ.

చట్టం కన్నా సున్నితమైనది ఇంకొకటుంది. డీటీపీ సెంటర్ ఫ్లాపీల్లో ఎవరి పెళ్లి ప్రస్తావనలో, ఎవరి కోర్టు కాగితాలో, జాతక వివరాలో ఉంటాయి. అవి మీవి కావు. ప్రోగ్రాములు, ఫాంట్లు, అచ్చయి బయటికి వచ్చిన రచనలు పక్కకు తీయండి. మిగతావి సొంతదారుకు తిరిగిచ్చేయండి, ఆయన వద్దంటే చెరిపేయండి. ఈ విషయంలో పేరు తెచ్చుకున్న మనిషికే నలుగురూ తలుపులు తెరుస్తారు.

ప్రతి డిస్కుతోపాటు ఒక చిన్న టెక్స్ట్ ఫైలు ఉండాలి. లేబుల్ మీద ఏం రాసి ఉందో తప్పులతో సహా అలాగే ఎక్కించండి. ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు, ఏ డ్రైవ్‌తో, ఏ సాధనంతో చదివారు, ఏ సెక్టార్లు రాలేదు, నడపడానికి ఏ యంత్రం, ఏ ఆపరేటింగ్ సిస్టమ్ కావాలి, మీరు ఏ ఎమ్యులేటర్‌లో నడిపి చూశారు, అనుమతి ఉందా లేదా. తెలుగులోనే రాయండి, కింద ఇంగ్లిష్‌లో నాలుగు వరుసలు చేర్చితే బయటివాళ్లకు కూడా పనికొస్తుంది. ఒక డిస్కుకు పావుగంట పడుతుంది. చాలామంది వదిలేసేది ఈ పావుగంటే. నా లెక్కలో ఇమేజ్ తీయడం సగం పని, ఇది మిగతా సగం.

తర్వాత కాపీలు. ఒకటి మీ దగ్గర హార్డ్ డిస్కులో, ఒకటి వేరే ఊళ్లో ఉన్న స్నేహితుడి దగ్గర, అనుమతి ఉన్నవి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో. అక్కడ కొన్ని పాత యంత్రాల ప్రోగ్రాములను బ్రౌజర్‌లోనే నడిపి చూసే ఏర్పాటు కూడా ఉంది. అసలు ఫ్లాపీలను మాత్రం పారేయవద్దు. రేపు ఇంకా మంచి పరికరం రావచ్చు. ఆరిన ప్లాస్టిక్ డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలు వేసి, స్పీకర్లకూ మోటార్లకూ దూరంగా నిలబెట్టి ఉంచండి. వానాకాలం ముందు ఆ పొట్లాలు మార్చండి.

వారానికి ఎంత సమయమన్నది ముందే తేల్చుకోండి. ఆదివారం ఉదయం రెండు గంటలు చాలు. ఆ రెండు గంటల్లో ఒక డిస్కు పూర్తిగా అయితే మంచి రోజు. పది డిస్కులు సగం సగం అయితే కాదు. ఇంట్లోవాళ్లకు ఆ డబ్బా ఏమిటో, అందులో ఏముందో చెప్పండి. డబ్బా మూత లోపలివైపు ఒక కాగితం అతికించి, కాపీలు ఏ హార్డ్ డిస్కులో ఉన్నాయో, ఇంకో కాపీ ఏ స్నేహితుడి దగ్గరుందో, ఆయన ఫోన్ నంబరు, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో మీ ఖాతా పేరు రాయండి. ‘నేను చూసుకోలేని పరిస్థితి వస్తే ఈ డబ్బా ఆయనకు ఇవ్వండి’ అని ఒక వాక్యం చేర్చి, ఆ స్నేహితుడికి ముందే చెప్పి ఒప్పించండి. ఆయన కూడా ఒకటో రెండో డిస్కులు మీ పక్కన కూర్చుని చదివి ఉంటే మరీ మంచిది.